తెల్లరేకు

ఆ రోజుల్లో ఆసుపత్రి వరండాల్లో ఎవరూ ఏడ్చేవారు కాదు. డాక్టరు జబ్బు పేరు చెప్పేవాడు, రోగి తలూపేవాడు, పెరుగు తినొచ్చా అని అడిగి లేచి వెళ్లిపోయేవాడు. ముంజేతికి ఉన్న నాడీపట్టీ అదే పేరును ఇంకాస్త మెల్లగా, ఇంట్లోవాళ్లు చెప్పినట్టు, మరోసారి చెప్పేది. ఈ నెమ్మదంతా నామిక అనే యంత్రం చలవ.

నామిక పని జబ్బులకు పేర్లు ఎంచడం. పూర్వం గ్రీకు వైద్యులకు ఒక పుండు చుట్టూ ఉబ్బిన నరాలు పీతకాళ్లలా కనబడితే దానికి పీత పేరే పెట్టారు. లాటిన్‌లో అది క్యాన్సర్ అయింది. చెడుగాలి వల్ల వస్తుందనుకున్న జ్వరం ఇటలీవాళ్ల నోట మలేరియా అయింది. తరవాత్తరవాత పేర్లు పొడుగై, పలకలేక తెగి, పొడి అక్షరాలుగా మిగిలాయి. అర్థం తెలియని ఆ అక్షరాలకే జనం ఎక్కువగా వణికేవారు. అందుకే నామికను తయారుచేశారు. ఒక మాట చెవిన పడగానే నాడి ఎంత అదురుతుందో అది వేలమంది పట్టీల నుంచి కొలుస్తుంది. అన్నిటికన్నా తక్కువ అదురు పుట్టించిన పేరు ఖాయమవుతుంది. పేర్లు అల్లి దానికి అందించేది మాత్రం మనిషే. కాకినాడలోని వైద్యనామ కేంద్రంలో ఆ మనిషి వకుళ.

ఆమెకు పేరు తెచ్చిన పేరు ఒకటుంది. గ్లోమెరులర్ ఫిల్మ్ డిసీజ్ అని, పొట్టిగా జీఎఫ్‌డీ అని ఒక జబ్బు. మూత్రపిండాల్లోని వడపోత గుత్తుల మీద సన్నటి పొర కడుతుంది. మొదట్లోనే మందు పడితే పొర కరిగిపోతుంది. ఆలస్యమైతే ఇక ఏమీ చేయలేరు. కొత్త మూత్రపిండం పెట్టినా దానిమీదా పొర కడుతుంది. మైక్రోస్కోపులో ఆ పొరను చూసినప్పుడు వకుళకు సుగుణక్క వంటిల్లు గుర్తొచ్చింది. అమ్మ పోయాక ఆమెను పెంచింది అక్కే, ఆత్రేయపురంలో పూతరేకులు చేసి. బోర్లించిన కుండ కింద మంట, పలుచటి బియ్యప్పిండి నీళ్లలో తడిపిన గుడ్డ, ఒక్క లాగు, అంతే. కుండ మీంచి గాలికన్నా తేలిగ్గా రేకు లేచొచ్చేది.

తెల్లరేకు అని పెట్టింది. నామిక తెర మీద నాడి గీత కదల్లేదు.

కేంద్రంలోనూ పక్కనున్న ఆసుపత్రిలోనూ పనిచేసే డాక్టర్ ఇమ్మానియేలు ఒక్కడే ముఖం చిట్లించాడు. “భయం తీసేశారు, బాగానే ఉంది మేడమ్. ఆ భయమే కదండీ వాళ్లని నా గుమ్మం దాకా నడిపించేది.”

“మీకు ఎదురుగా ఎవరైనా ఏడిస్తేగాని డాక్టరునన్న తృప్తి ఉండేలా లేదు,” అని వకుళ నవ్వేసింది.

ఆ మరుసటి ఏడాది వానలు మొదలయ్యాక అతనే ఫోన్ చేసి వార్డుకు రమ్మన్నాడు. ఎవరికోసమో ముందు చెప్పలేదు. వెళ్తే మంచం మీద సుగుణక్క ఉంది. మొహం ఉబ్బింది, కాళ్లు దుంగల్లా ఉన్నాయి. పొర పూర్తిగా కట్టేసిందని చెప్పి ఇమ్మానియేలు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. పాత మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని వకుళకు అనిపించింది.

మాఘమాసంలోనే పట్టీ జబ్బును పసిగట్టి పేరు చెప్పిందట. పెళ్లిళ్ల రోజులు, రేకులకు ఆర్డర్లు మీదున్నాయి, అవయ్యాక చూసుకుందాంలే అనుకుందట. తరవాత ఎండలు ముదిరాయి. ఆ తరవాత పక్కింటివాళ్ల గృహప్రవేశం.

“అన్ని నెలలు ఊరుకున్నావా అక్కా? నాకొక మాట చెప్పకూడదా?”

“నీకు చెప్పేంత జబ్బనుకోలేదే,” అంది సుగుణ. ఊపిరి అందుకోవడానికి దిండు మీద కాస్త పైకి జరిగింది. “పెట్టింది నువ్వేనంట కదా ఆ పేరు. టీవీలో చూపించారు. మన రేకు పేరే పెట్టావని వీధంతా చెప్పుకున్నాను. మా చెల్లి పేరెట్టిన జబ్బు నన్నేం చేస్తాదిలే అనుకున్నా.”

వకుళ ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. కుండ సెగకు గట్టిపడిన వేళ్లు అవి.

“ఏడవకే. పేరు మాత్రం బాగుంది,” అంది అక్క.

శ్రావణం రాకముందే ఆమె పోయింది.

అప్పటికి అలాంటి చావులు ఊరూరా వినిపిస్తున్నాయి. తెల్లరేకు పేరు మార్చాలని, ఈసారి విన్నవాళ్లు భయపడి పరుగెత్తుకొచ్చే పేరు కావాలని పైనుంచి ఆదేశం వచ్చింది. వకుళ యంత్రం ముందు కూర్చుని పట్టీ బిగించుకుంది. తొలి పరీక్ష ఎప్పుడూ పేరు పెట్టేవాళ్ల నాడి మీదే. వృక్కనాశిని, ప్రాణహారి, మృత్యుపొర, ఒక్కొక్కటే చెప్పింది. గీత నిద్రపోతున్నట్టు పడి ఉంది. భయపెట్టాలని అల్లిన మాటలు ఆమెకే బొమ్మ పులుల్లా తోచాయి.

“పోల్చడానికి పాత పేరు వినిపిస్తున్నాను,” అంది నామిక తన మెత్తటి గొంతుతో. “తెల్లరేకు.”

గీత తెర అంచు దాకా ఎగిసింది.

నామిక మళ్లీ కొలిచింది. “కావలసిన భయం ఈ మాటలోనే ఉంది. పేరు మార్చనక్కరలేదు. మనిషి పోయిన ప్రతి ఇంట్లోనూ ఇదే అదురు కనిపిస్తోంది.”

“మిగతా ఇళ్లల్లో?”

“మిగతా ఇళ్లల్లో గీత కదలడం లేదు.”

వకుళ కళ్లు మూసుకుంది. పోగొట్టుకున్నవాళ్లకే ఆ భయం తెలుసు. వాళ్లకిక దాంతో పని లేదు.

“ఇంకొకటి కూడా ఉంది,” అంది నామిక. “మనిషి పోయిన ఇళ్ల నుంచి అర్జీలు వస్తున్నాయి. ఈ మాట చెవిన పడితే తట్టుకోలేకపోతున్నారట. ఇంకా మెత్తటి పేరు పెట్టమని అడుగుతున్నారు. ఏం జవాబివ్వను?”

కుదరదని చెప్పు, అనాలి. నోరు తెరిచింది కూడా. కానీ అర్జీలు పెట్టినవాళ్లలాగే, ఆ మాట ఇంకెప్పుడూ వినకుండా ఉంటే చాలునని ఆమె గుండె కొట్టుకుంటోంది. తెర మీద గీత ఇంకా దిగలేదు. ఆమె ప్రమేయం లేకుండానే నాలుక మీద, తేలిగ్గా, కుండ మీంచి లేచొచ్చినట్టు, ఇంకో పేరు లేస్తోంది.