దోన్యా మెల్చోరా సాయా

మా కాలేజీ ఆర్కైవ్‌లో ఒక రూలుంది. కాగితం పైకి, గుడ్డ కిందికి. పాత ఇళ్ళవాళ్ళు ఎవరైనా పెట్టె దానం చేస్తే అందులో ఉత్తరాలు మూడో అంతస్తుకి వెళ్తాయి, బట్టలు నేలమాళిగలో నా దగ్గరికి వస్తాయి. కాగితాన్ని తినే పురుగు వేరు, పట్టును తినే పురుగు వేరు కాబట్టి రెండింటినీ ఒకచోట ఉంచరు. లిమా నగరంలో ఎండ ఎక్కడుందో తెలియని ఆ గదిలో కూర్చుని, చచ్చిపోయిన దొరసానుల బట్టలకి ముప్పై ఒక్క ఏళ్ళుగా రఫ్ఫు చేస్తున్నాను. ఈలోగా మూడు ప్రదర్శనలు జరిగాయి, మూడు కేటలాగులు అచ్చయ్యాయి. పూలకుండీలు పెట్టినవాడి పేరు కూడా వేశారు. నా పేరు ఒక్కదాంట్లోనూ లేదు.

ఆ జూలైలో ఒక పెట్టె వచ్చింది. అందులో ఒక సాయా, ఒక మాంతో, రిబ్బను కట్టిన ఉత్తరాల కట్ట. సాయా అంటే సన్నటి మడతలతో కాళ్ళదాకా బిగుతుగా ఉండే పట్టు లంగా. మాంతో అంటే నడుం దగ్గర ముడేసి, వెనకనించి తలమీదికి లాక్కునే నల్ల ముసుగు. నూట డెబ్భై ఏళ్ళ కిందట మా ఊరి ఆడవాళ్ళు ఆ ముసుగుని లోపలినించి చేత్తో పట్టుకుని, ఒక్క కన్ను మాత్రం బయటపెట్టి వీధిలో తిరిగేవాళ్ళు. ఎదురుగా కట్టుకున్న మొగుడొచ్చినా పోల్చుకోలేడు. ఆ ముసుగు లాగడమంత అవమానం ఇంకోటి లేదు.

సాయాని బల్లమీద పరిచి చూశాను. నడుముకి జానెడు కింద, ఎడమపక్క మడతల్లో రెండంగుళాల కోత కనిపించింది. చిరిగితే పోగులు లేస్తాయి. ఇది చిరుగు కాదు, కత్తి దిగిన చోటు. దానిమీద ఎవరో ఎంతో ఓపిగ్గా రఫ్ఫు చేశారు. ఎప్పుడు చేశారో తెలిస్తే దారం ఎంచుకోవడం సులువని, ఉత్తరాలు పైకి పంపేముందు చదివాను. అదే నేను చేసిన పొరపాటు.

పెట్టె ఇచ్చిన ఇంటి అప్పటి ఇల్లాలు దోన్యా మెల్చోరా, అంటే మెల్చోరా దొరసాని, త్రుహీయో ఊళ్ళో ఉన్న చెల్లెలికి రాసిన ఉత్తరాలవి.

"మా ఆయన నా వెనకాల మనిషిని పెట్టాడు. నేనేం తక్కువ తిన్నానా? నా సాయా తొమాసాకి కట్టించి వీధిలోకి తోలుతున్నాను. వాడు దాని వెంట తిరుగుతాడు, నా దారిన నేను వెళ్ళొస్తాను. ఒక్క కన్ను చూసి ఎవరు కనిపెడతారే?"

తొమాసా అంటే, వాళ్ళు సంతలో కొనుక్కున్న బానిస పిల్ల.

రెండువారాల తర్వాత ఇంకో ఉత్తరం. "తొమాసా వంతెన దగ్గర పోయింది. నేననుకుని పొడిచారు. దేవుడు నన్ను చల్లగా చూశాడు. సాయా ఉతికించాను, మరక పోయింది. మడతలు మళ్ళీ పెట్టించాలి. అంత మంచి పట్టు పారేయలేం కదా. నువ్వు పంపిన మిఠాయి అందింది, భలే ఉంది."

అంతే. ఆ పిల్ల గురించి ఇంకొక్క అక్షరం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉత్తరం పట్టుకుని సరాసరి మా డైరెక్టరు ఎదెల్మీరా మేడమ్ గదికి వెళ్ళాను.

మేడమ్ చదివి, కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "ఈ ఒక్కటీ పైకి పంపకండి ఓర్ఫా గారూ. నా దగ్గరుంటుంది."

మామూలుగా నన్ను "ఏమ్మా" అంటుంది. పని పడితేనే "గారు" వస్తుంది.

"మరి లేబుల్ మీద ఏం రాస్తారు?"

"దోన్యా మెల్చోరా ధరించిన సాయా అని రాస్తాం."

"కట్టుకుని చచ్చింది తొమాసా, మేడమ్."

"ఏ తొమాసా? ఇంటిపేరుందా? పటం ఉందా? ఆ ఇంటివాళ్ళు మనకి కొత్త హాలు కట్టించారు. వాళ్ళ ముత్తవ్వ బానిసని చావుకి తోలిందని గోడమీద రాసి వాళ్ళచేతే రిబ్బను కత్తిరింపించమంటారా?" కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని నవ్వింది. "అన్నట్టు, ఈసారి కేటలాగ్‌లో మీ పేరు వేయిద్దామనుకుంటున్నాను. వస్త్ర సంరక్షణ... ఓర్ఫా. బావుంటుంది కదూ?"

సిగ్గు లేకుండా చెప్తున్నాను, నా గుండె గంతేసింది. ఉత్తరం ఆవిడ సొరుగులోకి వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. "సరే మేడమ్" అన్నాను.

ఇంటికెళ్ళి అక్కతో చెప్తే గరిటె చేత్తోనే ఎగిరింది. నేనూ మా అక్క డెల్ఫీనా ఇద్దరమే ఉంటాం. "ఒసేయ్, నీ పేరా? అచ్చులోనా? ఆ రోజు కోడికూర వండుతానే!" అంది. నేనూ నవ్వాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పాత బట్టని ప్రదర్శనకి పెట్టాలంటే తల లేని బొమ్మకి తొడిగి, లోపల కొంచెం కొంచెంగా దూది కూరాలి. బట్ట ఎంత అడిగితే అంతే. కూరుతుంటే దాన్ని కట్టుకున్న మనిషి ఒళ్ళు మన చేతికి తెలుస్తుంది. ఈ సాయాలో దూది నిండాక చూస్తే పల్చటి నడుం, ఒకపక్కకి దిగిన తుంటి. నీళ్ళ కుండలు మోసీ మోసీ అలా అయిపోయిన మనిషి. మా అమ్మకీ అలాగే ఉండేది.

మేడమ్ వచ్చి చూసి మొహం చిట్లించింది. "ఇదేంటి, ఎండిన మొక్కజొన్న కండెలాగ? వాళ్ళింట్లోంచి తెచ్చిన పటంలో దోన్యా మెల్చోరా ఎంత నిండుగా ఉందో చూడలేదా? ఇంకా కూరండి."

"పట్టు ఆగదు మేడమ్."

"ఆగుతుంది లెండి."

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ మొదలుపెట్టాను. బయట సన్నటి తుంపర. నేలమాళిగలో నేనొక్కదాన్నే. పట్టుకి వెలుతురు పడదని అక్కడ దీపాలు ఆరు నిమిషాలకోసారి వాటంతటవే ఆరిపోతాయి. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ మీట నొక్కాలి. అది నాకు అలవాటే.

కూరుతున్నాను... ఎంత కూరినా నిండటం లేదు. సంచిలో దూది సగమయింది. సాయా మాత్రం అలాగే, ఎండిన కండెలాగే ఉంది. ఇదేం చోద్యమని మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టాను. దూది తగల్లేదు. లోపల వెచ్చగా ఉంది.

దీపాలు ఆరిపోయాయి.

చెయ్యి లాక్కున్నాను. చీకట్లో ఏదో వాసన. నది బురద వాసన... దానిమీద సబ్బు వాసన. ఎవరో ఏదో గట్టిగా ఉతికినట్టు. తడుముకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళి మీట నొక్కాను. వెలుగొచ్చింది. పాత రఫ్ఫు ఊడి, ఒక దారప్పోగు వేలాడుతోంది.

"పట్టు ఆగదని చెప్పానా లేదా" అని పైకే అన్నాను. ధైర్యం కోసం.

ముసుగు తీసి సాయా విప్పేద్దామని మాంతో అంచు పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకాస్త లాగాను. తల లేని బొమ్మ భుజాలమీద తీగ వంచి, దానిమీద ఉత్తినే వేసిన గుడ్డ అది... లోపలినించి ఎవరో పట్టుకున్నారు. గట్టిగా. పిడికిట్లో.

దీపాలు మళ్ళీ ఆరిపోయాయి. ఆరు నిమిషాలు కాలేదు. ఒక్క నిమిషం కూడా కాలేదు.

గుడ్డ నా చేతిలోనే ఉంది. ముసుగు లోపల ఊపిరి... తీసుకుంది... వదిలింది.

"నేనెవర్ని?"

చెవి పక్కనే. మెల్లగా. కోపం లేదు ఆ గొంతులో. చాలా ఏళ్ళుగా ఎవర్నో అడగాలని కాచుకున్నట్టుంది.

నాకు తెలుసు. ప్రపంచం మొత్తంలో తెలిసింది నాకూ మేడమ్‌కే. ఒక్క మాట. మూడక్షరాలు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ క్షణంలో నా కళ్ళముందు కనిపించింది ఏమిటో తెలుసా? కేటలాగులో నా పేరు. ఇది బయటపడితే అది పోతుందనిపించింది. దెయ్యం ముందు కూడా నాకు అదే లెక్క!

"దోన్యా... దోన్యా మెల్చోరా" అన్నాను.

ఊపిరి ఆగింది.

"మరి నువ్వో?"

"ఓర్ఫా" అన్నాను. భయంతో గొణిగాను. "నా పేరు ఓర్ఫా."

నా చేతిలో గుడ్డ మెత్తబడింది. పిడికిలి వదిలేసింది. మీట ఎవరూ నొక్కకుండానే దీపాలు వెలిగాయి.

సాయా నిండుగా ఉంది. పటంలో ఉన్నట్టే, గుండ్రంగా, బిగుతుగా. కోత కూడా మూసుకుపోయింది. కిందికి చూస్తే, సంచిలో దూది అంచుదాకా అలాగే ఉంది. చిటికెడు కూడా తగ్గలేదు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే ముసలిదానికి మతి పోయిందని పేరు తీసేస్తారు కదా.

శనివారం పొద్దున హాలు తెరిచారు. రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు, దోన్యా మెల్చోరా అందాన్ని పొగిడారు. నేను ఓ మూల నిలబడి కేటలాగు చివరి పేజీ తిప్పాను.

వస్త్ర సంరక్షణ: తొమాసా.

ఇంకేం లేదు. ఇది ఎవరి వెక్కిరింత? జనాన్ని తోసుకుంటూ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. "మేడమ్, నా పేరు తప్పు పడింది."

ఆవిడ పేజీ చూసింది, నన్ను చూసింది. "తప్పేముంది? ఇంటిపేరు వేయలేదనా? మీకు ఇంటిపేరు లేదన్నారు కదా తొమాసా గారూ."

మొహంలో నవ్వులాట లేదు. సంబరం పాడవుతోందన్న విసుగు మాత్రమే ఉంది. గేటు దగ్గర కాపలా ముసలాయన "వెళ్ళొస్తావా తొమాసమ్మా" అన్నాడు. పాతికేళ్ళుగా నన్ను ఎరిగిన మనిషి. బస్సులో ఏడుస్తూ కూర్చున్నాను. అక్కకి చెప్పి భోరుమనాలి, ఆ ఉత్తరం సంగతి మొదట్నించీ చెప్పేయాలి, సోమవారం పత్రికలవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి అనుకున్నాను. అవును, అప్పుడు అనుకున్నాను. నా పేరు పోయాక.

ఇల్లు చేరేసరికి మూడయింది. మెట్లమీదికే కోడికూర వాసన కొడుతోంది. తాళంచెవి తిరగలేదు. తలుపు కొట్టాను. అక్క గొలుసు తియ్యకుండా సందులోంచి చూసింది.

"ఎవరు కావాలమ్మా?"

"అక్కా, ఆటలొద్దు. తలుపు తియ్యి. నేను... ఓర్ఫాని."

సబ్బులమ్మే మనిషిని చూసినట్టు చూసింది నన్ను. లోపల చెంచా చప్పుడు ఆగింది. ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. కోడికూర వాసనని తోసుకుంటూ సందులోంచి నది బురద వాసన, దానిమీద సబ్బు వాసన వచ్చాయి.

"ఎవరక్కా?"

అది నా గొంతు.

అక్క వెనక్కి తిరిగి, ముద్దుగా చెప్పింది. "ఎవరో తొమాసా అటనే. పని కోసం వచ్చినట్టుంది, పాపం. నువ్వు తిను, చల్లారిపోతుంది." మళ్ళీ నా వైపు తిరిగింది. "ఇవాళ పనేం లేదమ్మా. మా చెల్లెలి పేరు అచ్చులో పడింది, పండగ చేసుకుంటున్నాం."

గడియ పడింది.

ఆ పేరు అక్కకి నేనెప్పుడూ చెప్పలేదు. గుమ్మంలో నిలబడి ఇప్పుడు నేను పలికింది కూడా ఓర్ఫా అనే. ఓర్ఫా అనే పలికాను...