నీటికాకి తెరిచిన ఖాతా

"హెన్నింగ్‌ని చంపినవాడు రేపు బ్యాంకు ఖాతా తెరుస్తున్నాడు."

చీఫ్ టామ్సెన్ ఈ మాట చెప్పి చేప పెట్టిన రొట్టె కొరికాడు. ఎంత ఘోరమైన వార్తయినా నోట్లో ముద్దతోనే చెప్పడం ఆయన అలవాటు.

ఏజెంట్ వీబ్కె కుర్చీలో నిటారుగా సర్దుకుంది. హెన్నింగ్ ఆమె అన్న. ఇద్దరిదీ ఒకే గూఢచారి శాఖ. పోయిన శరదృతువులో అతని శవం జర్మనీ ఉత్తర తీరంలోని కీల్ ఓడల కాలువలో, లాకు గేటు పక్కన తేలింది. చంపినవాడి మొహం ఎవరూ చూడలేదు. నీళ్లలో ముంచి చంపాడు కనుక ఆఫీసు వాడికి 'నీటికాకి' అని పేరు పెట్టింది. ఆ పేరు వినపడితే చాలు, వీబ్కెకు ఒళ్లు మండేది.

"వాడికి ఖాతా ఎందుకు చీఫ్?"

"సోమవారం లాకు కంట్రోల్ రూమ్‌లో ఆపరేటరుగా చేరాలి కదా! జీతం వెయ్యడానికి ఖాతా లేనివాణ్ణి ఎవరు చేర్చుకుంటారు? అదే మధ్యాహ్నం మన జలాంతర్గామి ఆ లాకులోకి వస్తుంది. గేట్ల మీటలు వాడి చేతిలో ఉంటాయి. లోపలున్న కుర్రాళ్ల సంగతి నువ్వే ఊహించుకో."

"వాడి పేరు?"

"అదే తెలీదు. సోమవారం చేరేవాళ్లు ఇద్దరు. ఇద్దరికీ రేపు ఉదయం ఒకే బ్రాంచిలో అపాయింట్‌మెంట్. ఒకడు మన ఊరి అమాయకుడు, ఒకడు నీటికాకి."

"ఇద్దర్నీ లోపలేస్తే సరి."

"ఏ నేరం మీద? ఇద్దరి కాగితాలూ నిఖార్సైనవి. సాయంత్రానికల్లా లాయరు విడిపిస్తాడు, వాడు సరిహద్దు దాటేస్తాడు. ఎవడో తేల్చి మరీ పట్టుకోవాలి. బ్రాంచిలో మన కరోలా ఉంది, సాయం చేస్తుంది."

కరోలా ఇక్కడి పిల్లే. శత్రుదేశపు గూఢచారుల డబ్బు తిని, రెండేళ్ల కిందట మనవైపు గోడ దూకింది. గోడ దూకడం నేర్చినవాళ్లకు ఏ వైపైనా ఒకటేనని వీబ్కె అభిప్రాయం. చీఫ్ దాన్ని ఆడవాళ్ల అసూయ అనేవాడు.

"వాడు ప్రాణాలతో కావాలి వీబ్కె."

"చూస్తాను."

"చూడ్డం కాదు, మాటివ్వు!"

ఆమె మాట ఇవ్వలేదు. పిస్తోలు మాత్రం తీసుకుంది.

మర్నాడు ఉదయం ఆమె బ్యాంకులో 'కొత్త ఖాతాలు' అని రాసి ఉన్న బల్ల వెనక కూర్చుంది. తల మీద రాగిరంగు విగ్గు. ముత్యపు కమ్మలో ఇయర్‌ఫోన్, ఎదమీద గుచ్చుకున్న బ్రోచిలో మైకు. కాలి కింద చిన్న మీట, నొక్కితే అద్దాల తలుపులు బిగుసుకుంటాయి. "ప్రింటర్లో కాగితం అయిపోయింది" అన్నది కోడ్ వాక్యం. ఆ మాట వినగానే వీధిలో వ్యాన్లో ఉన్న చీఫ్ మనుషులు లోపలికి దూకుతారు.

కరోలా వచ్చి ఆమె భుజం మీద వంగింది. ఎర్రటి గౌను, అంతకంటే ఎర్రటి పెదాలు. ఆమె అత్తరు ఆమెకంటే ముందే వచ్చింది.

"నల్లకోటు వేసుకున్నాడే, వాడే మీ కాకి. అటు పనిచేసినప్పుడు వాడి గొంతు ఒకసారి విన్నాను. చచ్చేదాకా మర్చిపోను," అంది గుసగుసగా.

నల్లకోటు మనిషి ఉవె బార్టెల్స్ అప్పటికే పక్క కౌంటర్లో కేకలు వేస్తున్నాడు.

"చిరునామా రుజువు ఇంట్లో మర్చిపోయానయ్యా! అయితే ఏంటంట? మా అమ్మ నన్ను ఈ పక్కవీధిలోనే కన్నది. వెళ్లి ఆవిణ్ణే అడుగు!"

"అమ్మగారి మాట చెల్లదు సార్, కాగితం కావాలి."

"ఉన్న ఖాతా, ఉన్న కుక్క, రెండూ పెళ్లాం పట్టుకుపోయింది. ఇప్పుడు నేను నేనే కాదంటారు మీరు!"

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "కరోలా ఖాయం చేసింది. నల్లకోటుని ఎత్తేస్తున్నాం."

"ఒక్క నిమిషం చీఫ్," అని వీబ్కె గొణిగింది. కాలువలో మనిషిని చప్పుడు కాకుండా ముంచినవాడు చిరునామా కాగితం మర్చిపోయి వస్తాడా? ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

రెండోవాడు ఆమె ముందు కూర్చున్నాడు. నవ్వు మొహం, నీలం స్వెట్టరు. గుర్తింపు కార్డు, నివాస ధ్రువీకరణ, జనన పత్రం, ఉద్యోగపు ఒప్పందం, అన్నీ అడక్కముందే వరసగా పరిచాడు.

"మోయిన్! ఆర్నె లొరెన్సెన్ అండీ. ఇన్నాళ్లూ విదేశీ ఓడల మీద తిరిగాను. ఇప్పుడు బుద్ధొచ్చి ఒడ్డుకు చేరాను."

'మోయిన్' అనే పలకరింపూ, మాటలో యాసా ఇక్కడివే, ఈ తీరప్రాంతపువే. వీబ్కె కార్డును నీలికాంతి దీపం కింద పెట్టింది. అసలుదే. మొహం, ఫొటో, సంతకం, దేనికీ వంక లేదు. రెండో సంతకం పెట్టడానికి కరోలా పక్కనే నిలబడింది.

"ఇంక అయిపోయినట్టే కదా," అంది కరోలా, కాస్త తొందరగా.

"వీబ్కె, లోపలికి వస్తున్నాం," అన్నాడు చీఫ్ చెవిలో.

వీబ్కె కార్డు మీద పుట్టిన తేదీ చూసింది. రేపే! అప్పుడు ఆమె, ఆ దేశంలో బుద్ధున్నవాళ్లెవరూ అనని మాట అంది.

"అరె, రేపేనా మీ పుట్టినరోజు? అయితే ఒకరోజు ముందే శుభాకాంక్షలు!"

బయల్దేరేవాణ్ణి "ఎక్కడికి?" అని అడిగితే మన దగ్గర ఎలా ఉంటుందో, పుట్టినరోజు రాకముందే శుభాకాంక్షలు చెబితే అక్కడ అలా ఉంటుంది. చెప్పించుకున్నవాడు ఆ రోజు చూడడని నమ్మకం. నమ్మనివాళ్లు కూడా ఉలిక్కిపడతారు. "ఇప్పుడే చెప్పకండి" అని తిడతారు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి కనుక ఏ శిక్షణ పుస్తకంలోనూ ఎవరూ రాసి ఉండరు.

లొరెన్సెన్ మొహం వికసించింది. "థాంక్సండీ! అందరికంటే ముందు మీరే చెప్పారు."

పక్కన కరోలా వేళ్లు వాటంతటవే బల్ల చెక్కను మూడుసార్లు తట్టాయి. అపశకునం తగలకుండా అక్కడ అలా తడతారు. ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఆయన... మర్యాదకి అన్నారంతే. ఓడల మీద తిరిగినవాళ్లు కదా, ఇవన్నీ పట్టించుకోరు," అంది కంగారుగా.

అడగని ప్రశ్నకు జవాబు! గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే ఇదే. అప్పటికే లోపలికొచ్చిన చీఫ్ మనుషులు పక్క కౌంటర్లో నల్లకోటు ఉవె రెక్కలు పట్టుకున్నారు. అతను బూతులు తిడుతున్నాడు. కరోలా చెయ్యి కంప్యూటర్ వైపు సాగింది. ఆ ఒక్క మీట నొక్కితే ఖాతా తెరుచుకుంటుంది.

"కరోలా గారూ," అంది వీబ్కె గట్టిగా, "ప్రింటర్లో కాగితం అయిపోయింది."

కాలి కింద మీట నొక్కింది. తలుపులు బిగుసుకున్నాయి. లొరెన్సెన్ నవ్వు మాయమై, స్వెట్టరులోంచి సన్నటి పిస్తోలు బయటికొచ్చింది. అది పూర్తిగా లేచేలోపే వీబ్కె బరువైన స్టాంపు దిమ్మతో వాడి మణికట్టు విరగ్గొట్టింది. తన పిస్తోలు వాడి కణతకు ఆనించింది. చీఫ్ మనుషులు ఉవెను వదిలేసి, కరోలాను ఒడిసి పట్టుకున్నారు.

"మా అన్న హెన్నింగ్. గుర్తున్నాడా?"

వాడు పెదవి చివర నవ్వాడు. గుర్తుంది! వీబ్కె వేలు ట్రిగ్గరు మీద బిగిసింది. ఇన్ని నెలల పగ ఆ ఒక్క వేలిలోకి దిగింది. చంపాలి. చంపితే తన కడుపు చల్లబడుతుంది.

"ప్రాణాలతో, వీబ్కె!" అని చీఫ్ అరుస్తున్నాడు.

అప్పుడు ఆమె బల్ల మీద వరసగా పరిచిన కాగితాల వైపు చూసింది. అంతకంటే మంచి దారి కనపడింది. పిస్తోలు దించింది.

చలికాలం సగమయ్యాక జైలు గదిలో మళ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. కరోలా అప్పటికే అన్నీ కక్కేసింది. హెన్నింగ్ హత్యకు యావజ్జీవం పడింది. వాడు మాత్రం కాలు మీద కాలేసుకుని హాయిగా ఉన్నాడు.

"మహా అయితే ఇంకో ఏడాది," అన్నాడు. "మావాళ్లు మీ మనిషినొకణ్ణి వదిలి నన్ను తీసుకెళ్తారు. మా ఊళ్లో నాకు దండ కూడా వేస్తారు. మీ అన్న మాత్రం లేచిరాడు."

"వాళ్లు ఎవర్ని అడుగుతారు?"

"నన్నే."

"నువ్వెవరు?" వీబ్కె సంచిలోంచి కాగితాలు తీసి ఒక్కొక్కటే పరిచింది. "ఆర్నె లొరెన్సెన్, ఈ దేశ పౌరుడు. కార్డు అసలుదని మా ల్యాబు తేల్చింది. కోర్టులో నువ్వే ఒట్టేసి చెప్పావు, శిక్ష కూడా ఆ పేరు మీదే పడింది. మీ రాయబార కార్యాలయాన్ని కూడా అడిగాం. ఆ పేరుతో తమ మనిషెవరూ లేడని రాసిచ్చారు. మా పౌరుణ్ణి పరాయి దేశానికి ఎలా ఇస్తాం చెప్పు?"

వాడి కాలు కిందికి దిగింది. మొదటిసారి వాడి కళ్లలో భయం కనపడింది. వీబ్కె దాన్ని తనివితీరా చూసింది.

"నేను లొరెన్సెన్ని కాదు! అవన్నీ దొంగవి! నా అసలు పేరు..."

ఆమె చెయ్యెత్తి ఆపింది. కొత్త ఖాతాల బల్ల దగ్గరి ఆ మర్యాద, ఆ చిరునవ్వు మళ్లీ ఆమె మొహం మీదికి వచ్చాయి.

"క్షమించండి సార్. ఫొటో ఉన్న రుజువు ఏదైనా తెచ్చారా?"