గురమ్మ నాలుగో మాట

మధ్యాహ్నం రెండు దాటేసరికి బొర్రవానిపాలెం ఒడ్డున పాతికమంది భార్యలు ఇంచుమించు ఒకేసారి మాట్లాడటం మొదలుపెడతారు. వాళ్ళలో ఒక్కరూ ఒడ్డున ఉండరు. మాట్లాడేవి వాళ్ళ మొగుళ్ళ చేతుల్లోని పెట్టెలు. ముప్పై నిమిషాలే ఉందని ఒకటి గుర్తుచేస్తుంది, పడవ తిప్పమని ఇంకొకటి కసురుతుంది. దానయ్య పెట్టె తిట్టే తిట్లకు పందిరంతా నవ్వుతుంది. దానయ్య కూడా నవ్వుతాడు, నవ్వక చేసేదేముంది.

మనుషులు సముద్రం మీదికి వెళ్ళడం మానేసి నలభై ఏళ్ళయింది. వేటకు పోయేవి వలపడవలు, వాటిలో మనిషి ఉండడు. ఒడ్డున తాటాకు పందిరి కింద కూర్చుని చేతిపెట్టెతో వాటిని నడుపుతారు. చేతిపెట్టెలో రెండు సత్తువబిళ్ళలు పడతాయి. ఒకటి మూగబిళ్ళ, అది సత్తువ ఇస్తుందంతే. రెండోది మాటబిళ్ళ. అది సత్తువ ఇస్తూనే జంటలో ఎంత మిగిలిందో కనిపెట్టుకుని, తగ్గగానే చెబుతుంది. సత్తువ అయిపోతే పెట్టెకూ పడవకూ మధ్య సంకేతం తెగుతుంది, అదుపు తప్పిన పడవ కొట్టుకుపోయి రాళ్ళబారుకు తగులుతుంది.

మొదట్లో కూత పెట్టే బిళ్ళలు ఇచ్చారు. ఇంట్లో ప్రతి వస్తువూ కూత పెడుతూనే ఉంటే ఇంకో కూతను పట్టించుకునేవాడెవడు? ఒక్క ఏడాదిలో పదహారు పడవలు పోయాయి. ఆ రోజుల్లోనే వాసుపల్లి ఎల్లాజీ సంకేతం తెగిపోయిన పడవ వెనక ఈదుకుంటూ పోయాడు, నలుగురు కలిసి జుట్టు పట్టి లాక్కొచ్చారు. ఆ తర్వాతే బిళ్ళలు తయారుచేసి ఇచ్చే ఎరుక కేంద్రంలో ఎవరికో బుద్ధి పుట్టింది, ఇంట్లోవాళ్ళ గొంతైతే వింటారని. విన్నారు. పడవలు పోవడం ఆగింది.

మాటబిళ్ళ మార్చినప్పుడల్లా ఇంటికొకరు కేంద్రానికి వెళ్ళి నాలుగు మాటలు కొత్తగా చెప్పి రావాలి. ముప్పై నిమిషాలున్నప్పుడు ఒకటి, ఇరవైకి ఒకటి, పదికి ఒకటి. నాలుగోది సత్తువ పూర్తిగా అయిపోయినప్పుడు. ఆ నాలుగో మాట ఎవరూ వినరు, ఎందుకంటే అప్పటికి పడవ ఒడ్డెక్కి పెట్టె కట్టేసి ఉంటుంది. పైగా అంత అడుగంటిన బిళ్ళ తనకు తానే తాళం వేసుకుంటుంది. మళ్ళీ సత్తువ ఎక్కించబోతే నిప్పంటుకుంటుందని ఆ ఏర్పాటు. అంచేత నాలుగో మాట ఏ బిళ్ళైనా చెప్పేది ఒక్కసారే.

కేంద్రం తనిఖీదారు గేదెల నిరంజని ఆ రోజు పాలేనికి రావడానికి కారణం పదకొండు మాటబిళ్ళలు. ఆరేళ్ళు రావలసినవి మూడేళ్ళకే ముసలివైపోతున్నాయి. ఉప్పుగాలి వల్ల అని కేంద్రం వాళ్ళు రాసుకున్నారు. ఉప్పుగాలి పదకొండు ఇళ్ళనే ఏరుకుని ఎందుకు వీస్తుందో వాళ్ళు ఆలోచించలేదు. నిరంజని పని తెలిసిన మనిషి. రోజువారీ లెక్కలు తీసి చూసింది. మిగతావాళ్ళు ముప్పై అనగానే పడవ తిప్పేస్తున్నారు. ఈ పదకొండు మందీ ప్రతిరోజూ పది దాకా దించుతున్నారు. అంత అడుక్కి రోజూ దింపితే ఏ బిళ్ళైనా త్వరగా చస్తుంది. అప్పుడు గొంతులిచ్చిన వాళ్ళ పేర్లు చూసింది. పదకొండు పేర్లకీ పక్కన చనిపోయిన తేదీ ఉంది.

సత్తువ తగ్గితే తప్ప ఆ గొంతు పలకదు. అందుకని తగ్గిస్తున్నారు. అది అర్థమయ్యాక ఆమె పాలేనికి బయల్దేరింది.

పదిమంది సంగతి నిదానంగా చూసుకోవచ్చు, ఎల్లాజీది మాత్రం ఆగేది కాదు. అరవై రెండేళ్ళవాడు. భార్య గురమ్మ పోయి రెండేళ్ళు. అందరూ ఇళ్ళకు పోయాక కూడా చీకటి పడేదాకా పందిరి కిందే కూర్చుంటాడు. అతని పడవ మీద ఏడు ఇళ్ళ కూడు ఆధారపడి ఉంది. మొన్న సోమవారం అతని పెట్టె ముప్పై అన్న రెండు నిమిషాలకే పది అనేసింది. పడవ అప్పటికింకా చాలా దూరంలో ఉంది. పోటు కలిసొచ్చి అది గట్టుకు చేరింది గాని, అప్పటికే ఎల్లాజీ నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఏడు ఇళ్ళవాళ్ళూ కూర్చుని ఒక మాట అనుకున్నారు, ఆ బిళ్ళతో ఇంకొక్క రోజు నడిపితే ఎల్లాజీ ఇక పందిట్లోకి రాకూడదని.

నిరంజని పెట్టె విప్పి చూసింది. లోపల ఏముందో తెలిసి, పక్కన కూర్చున్న దానయ్య అప్పటికే మొహం తిప్పుకున్నాడు. మాటబిళ్ళ పాతదే, అంచులు నల్లబడి ఉబ్బింది. మూగబిళ్ళ మాత్రం కొత్తది, మెరుస్తోంది. బిళ్ళలు ఎప్పుడూ జంటగానే మార్చాలి, ఒకే విడతలో తయారైనవి, ఒకే రోజు వాడుకలోకి వచ్చినవి. ఆ నియమం పాలెంలో పిల్లలకు కూడా తెలుసు. మాటబిళ్ళ రెండింటి మొత్తాన్నే లెక్కపెడుతుంది గాని ఏది ఎంత మోస్తోందో చూడలేదు. కొత్తది మోస్తున్నంతసేపూ అంతా బాగున్నట్టే ఉంటుంది. పాతది మాత్రం ఒక్కసారిగా కూలబడుతుంది.

"ఇది మీకు తెలీక చేసింది కాదు కదా, ఎల్లాజీ గారూ," అంది.

"తెలుసు తల్లీ. కొత్తది బరువు మోస్తే ఇది ఇంకొన్నాల్లు బతుకుతాదని."

ఆ గొంతు విడిగా పట్టి ఇస్తానని ఆమె అంది. అతని కూతురు ఆ పని ఎప్పుడో చేసిందట, మూడు మాటలూ ఇంకో పెట్టెలో పట్టి ఇచ్చిందట. ఎల్లాజీ ఒక్కసారి విని వదిలేశాడు.

"అది ఎప్పుడు నొక్కితే అప్పుడు సెప్తాది. ఇది అలగ్గాదు. సూసి సెప్తాది. నిజింగా తక్కువైతేనే సెప్తాది. దానికి నా మీద ఇంకా కన్నుందని నాకు తెలుస్తాది."

అయినా నిరంజని బిళ్ళను తీసుకుపోక తప్పదు. తీసుకుపోయే ముందు దాన్ని పూర్తిగా ఖాళీ చేసి తాళం పడనివ్వాలి, దారిలో అంటుకోకుండా. మామూలుగా ఆ పని కేంద్రంలో ఒక మూసిన గదిలో జరుగుతుంది, ఒక్కో విడతకు నలభై బిళ్ళలు. కొత్తలో రెండేళ్ళు ఆమె ఆ గదిలోనే పనిచేసింది. గోల భరించలేక చెవులకు దూది పెట్టుకునేది. ఆ గోల ఎవరెవరి నాలుగో మాటలో ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

"ఖాళీ చేయాలని నియమాల్లో ఉంది గాని, ఎక్కడ చేయాలో లేదు," అంది. "బాబాయ్, మీకు ఇష్టమైతే ఇక్కడే చేద్దాం. నాలుగోది మీరు వినొచ్చు."

ఎల్లాజీ వెంటనే ఒప్పుకోలేదు. నాలుగోది ఉన్నంతకాలం గురమ్మ చెప్పవలసింది ఇంకా ఒకటి మిగిలి ఉన్నట్టే. అది కూడా వినేస్తే ఇక ఏమీ ఉండదు. అతనికి భయమేసింది, ఆ మాట పైకే అన్నాడు. తర్వాత చొక్కా జేబులోంచి మసకబారిన పాత మూగబిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాడు, దీని జంట ఇదేనని.

పడవను ఒడ్డుకు లాగి గుంజకు కట్టారు. నిరంజని జంటను కలిపి పెట్టె మీట వేసింది. మిగతా పదిమందీ ఎవరూ పిలవకుండానే వచ్చి ఇసుకలో కూర్చున్నారు. దానయ్య తన పడవను ఒడ్డెక్కించి, పెట్టె నోరు ముయ్యడానికి దాన్ని కట్టేశాడు.

కొంతసేపటికి గురమ్మ అంది, ముప్పై నిమిసాలే ఉంది, ఇను. తర్వాత అంది, ఇరవై, ఎవులితో కబుర్లాడతన్నావు, పడవ తిప్పు. ఎల్లాజీ పెదవులు ఆమెతో పాటే కదిలాయి. ఆ తర్వాత, పది, నానేటి సెయ్యను మరి, నీ ఇస్టం. ఇక్కడితో రోజూ ఆగేది. ఇవాళ ఆగలేదు. పెట్టె మీద దీపం సన్నబడింది.

కేంద్రం వాళ్ళు రాసిచ్చే నాలుగో మాట నిరంజనికి కంఠతా వచ్చు: సత్తువ ముగిసింది, పడవ అదుపు తప్పింది. గురమ్మ ఆ కాగితం చదివినట్టు లేదు.

"అయిపోనాది," అంది గురమ్మ. "పడవ ఒగ్గీ. పోతే పోనీ. నీల్లల్లోకి మాత్రం దిగకు. ఇంటికొచ్చి కూడు తిను."

దీపం ఆరిపోయింది. లోపల బిళ్ళ తాళం వేసుకున్న చిన్న చప్పుడు అయింది.

ఎల్లాజీ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉన్నాడు. ఏడ్చాడు, దాచుకోలేదు. పదిమందిలో ఎవరూ అతని వైపు చూడలేదు, తమ తమ పెట్టెల వైపే చూసుకుంటున్నారు. చివరికి అతను మాటబిళ్ళను తీసి, పంచె చెంగుతో తుడిచి నిరంజని చేతిలో పెట్టాడు. లేచి ఇసుక దులుపుకున్నాడు. ఇంకా ఎండ ఉంది.

"ఎక్కడికి బాబాయ్?" అంది ఆమె.

"ఇంటికి తల్లీ. కూడొండుకోవాల."