రేకు గదిలో రెండో గొంతు

ఆ సంగీత కళాశాలలో నేలమాళిగ మెట్లు దిగి కుడివైపు తిరిగితే వచ్చే చివరి గదికి మంచి పేరు లేదు. దీపాలు పెట్టే వేళ దాటాక అటు ఎవరూ పోరు. పోయినా పాడరు. పాడితే... పక్కన ఇంకో గొంతు కలుస్తుందట.

ఇంతకీ గదిలో ఏముందయ్యా అంటే, ఒక ఉక్కు రేకు. అంతే! ఆరేసిన దుప్పటంత రేకు, చట్రానికి వేలాడుతుంటుంది. పై అంతస్తులో కూర్చుని తీగ గుండా పాటను దానికి పంపితే, రేకు సన్నగా వణుకుతుంది. ఆ వణుకుని ఇంకో తీగ పైకి మోసుకొస్తుంది. ఇరుకు గదిలో పాడిన పాట పెద్ద మంటపంలో పాడినట్టు తిరిగొస్తుంది. ఇనుముకి కూడా ఒళ్ళు పులకరిస్తుందన్నమాట — చోద్యం కాకపోతే!

పాటలు రికార్డు చేసి, కూర్చి, మెరుగుపెట్టే ఆ చదువు చదువుతోంది ఒక పిల్ల. చెవులకి ఎప్పుడూ హెడ్‌ఫోన్లే, పిలిస్తే పలకదు. అందుకే వాళ్ళ మామయ్య "చెవిటిమాలోకం" అని పేరు పెట్టాడు. పోయినేడు ఆఖరి పరీక్ష తప్పింది. కంప్యూటర్ ప్రతిధ్వని వాడితే మాస్టారు పెదవి విరిచారు. "పాటకి ప్లాస్టిక్ పువ్వు పెట్టావమ్మా" అన్నారు.

"ఈసారీ తప్పావో, వచ్చి నా ఫ్యాన్ల కొట్లో కూర్చో. అక్కడా రోజంతా చప్పుడే!" అన్నాడు మామయ్య. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆమె కోసమని ఒక కుర్చీ కొనేశాడు కూడా.

అందుకని ఈసారి రేకునే నమ్ముకుంది. పాట మర్నాడే ఇవ్వాలి. పాడింది ఆమె స్నేహితురాలు బక్కపిల్ల. పగలంతా రేకు గది వేరేవాళ్ళ వాడకంలో ఉండి, వీళ్ళ వంతు వచ్చేసరికి చీకటి పడింది.

పాటను కిందికి పంపింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింది. పల్లవి బాగుంది. మొదటి చరణంలోకి వచ్చేసరికి...

బక్కపిల్ల గొంతు కింద, ఇంకో గొంతు. మెల్లగా, బరువుగా, కూనిరాగం తీస్తూ.

"ఏమే... నువ్వు గానీ—"

"నేనిక్కడ నీ పక్కనే ఉన్నాగా!"

మళ్ళీ పంపింది. ఈసారి మొదటి చరణం శుభ్రంగా వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు — రెండో చరణంలో దిగింది ఆ గొంతు.

"వదిలెయ్యవే, పోదాం," గొణిగింది బక్కపిల్ల. "ఫ్యాన్ల కొట్టేమీ అంత చెడ్డది కాదు. గాలైనా వస్తుంది."

చెవిటిమాలోకానికి మాత్రం చదువుకున్న చదువు గుర్తొచ్చింది. ఒకే పాట రెండుసార్లు తిరిగొచ్చింది కదా? ఒకదాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలిపితే, రెండిట్లో ఒకేలా ఉన్నదంతా ఒకదాన్నొకటి మింగేసుకుంటుంది. పాట పోతుంది. మిగిలేది... పాట కానిదే!

కలిపింది. బక్కపిల్ల గొంతు మాయమైంది. నిశ్శబ్దం...

మొదటి చరణం దగ్గర ఆ గొంతు ఒంటరిగా లేచింది. పాడి, ఆగి — "ఖ్హె ఖ్హె" అంది.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆ జంట దగ్గు కళాశాలలో గోడలకి కూడా తెలుసు. మాస్టారిది! రెండో చరణం కూనిరాగం ఇంకా నడుస్తుండగానే హెడ్‌ఫోన్లు పీకేసి మెట్లకేసి పరిగెత్తారు.

తలుపు తీస్తే గదిలో ఎవరూ లేరు. రేకు ముందు ఒక జత చెప్పులు మాత్రం ఉన్నాయి.

వెనక నుంచి... "ఖ్హె ఖ్హె."

ముగ్గురూ ఒక్కసారే కేకేశారు. గుమ్మంలో మాస్టారు. వట్టి కాళ్ళు, చేతిలో తడి కారుతున్న నీళ్ళ సీసా.

"అరవకండే తల్లుల్లారా!" గుసగుసలాడారు. "ఇంట్లో నోరు తెరిస్తే మా ఆవిడ మిక్సీ వేస్తుంది. ఇక్కడైతే ఈ రేకు నా గొంతుని కూడా గొంతులా వినిపిస్తుంది. ఎవరూ రాకుండా దెయ్యం ఉందని పుట్టించిందీ నేనే. ఇవాళ రేకులోంచి అంత మంచి పాట వస్తుంటే... నోరు ఊరుకోలేదు. నా గొంతు తుడిచేసి మళ్ళీ పంపుకో, కిక్కురుమనను."

చెవిటిమాలోకం పైకెళ్ళి ఇంకోసారి విన్నది. చిత్రం — ఆ గొంతు ఉంటేనే పాటకి నీడ పట్టినట్టుంది. మొదటి చరణంలో మొదటిసారిది, రెండో చరణంలో రెండోసారిది ఉంచి, దగ్గు ఒక్కటీ కత్తిరించి, మర్నాడు పొద్దున్నే ఇచ్చేసింది. పోతే కొట్టు ఎలాగూ ఉంది!

పరీక్షకి బయటి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కళ్ళు మూసుకుని విన్నది.

"ఆ కింది గొంతు ఎవరిది?"

"రేకు గదిలో దెయ్యానిదండీ."

పక్కనున్న మాస్టారికి దగ్గు తెర ముంచుకొచ్చింది.

"దెయ్యానికి మొదటి చరణంలో శ్రుతి వెంట్రుకవాసి జారింది," అందావిడ. "రెండో చరణంలో గీత గీసినట్టుంది. ఇంకెవరైనా తుడిచేసేవాళ్ళు. ఉంచావు చూడు, నీకు చెవి ఉంది." చెవిటిమాలోకానికి ఆ మాట చాలు. పాసైంది!

వరండాలో మాస్టారిని పట్టుకుంది. "మొదట జారినా రెండోసారి భలే సర్దుకున్నారు మాస్టారూ!"

మాస్టారు నవ్వలేదు.

"అమ్మాయ్... నేను పాడింది ఒక్క చరణమే. గొంతెండిపోయి నీళ్ళకి వెళ్ళాను. తిరిగొస్తుంటేనే మీరు ఎదురుపడ్డారు."

"చాల్లెండి! మళ్ళీ దెయ్యాన్ని పుట్టిస్తున్నారా?"

అంది గానీ, ఆమెకి తడి సీసా గుర్తొచ్చింది. ఆ భవనంలో తాగేనీళ్ళ కుళాయి మూడో అంతస్తులో తప్ప లేదు. రెండో చరణం కూడా పాడి, అంత పైకి పోయి రావడానికి వ్యవధేదీ? పైగా రెండో చరణం చివర దగ్గు కత్తిరించిన గుర్తే లేదు... అక్కడ అసలు దగ్గే లేదు.

అంతలో మామయ్య ఫోను. "పాసయ్యావటగా చెవిటిమాలోకం! మరి ఈ కుర్చీ ఏం చేయను?"

"ఇక్కడికి పంపించు మామయ్యా," అంది ఆమె, కాస్త ఆలోచించి. "పాపం, ఒకరు ఎన్నాళ్ళ నుంచో నిలబడి పాడుతున్నారు."

ఆ సాయంత్రం కుర్చీని రేకు గది లోపల తలుపు దగ్గర వేసి, తాళం పెట్టి వెళ్ళారు.

పొద్దున్నే తీసి చూస్తే... కుర్చీ రేకుకి దగ్గరగా జరిగి ఉందట.