టక్కుమన్న దవడ

మైకు మార్చారు, వైర్లు మార్చారు. అయినా డబ్బింగ్ థియేటర్‌లో ఆ 'టక్' చప్పుడు పోలేదు. చివరికి సౌండ్ ఇంజనీరు చెవి ఒగ్గి వింటే, అది హీరోకి గొంతు అరువిచ్చే అబ్బాయి దవడలోంచి వస్తోంది!

అలా అతను పళ్ల డాక్టరు ముందు నోరు తెరవాల్సి వచ్చింది.

"చూయింగ్ గమ్ ఎంతసేపు నములుతారు?"

"రోజంతా. మీరు చెప్పారనేనండీ!"

ఆమె తెల్లబోయింది. "నేనా?"

"పోయినసారి క్లీనింగ్‌కి వచ్చినప్పుడు, షుగర్ లేని గమ్ నమిలితే లాలాజలం ఊరి పళ్లకు మంచిదన్నారుగా?"

"భోజనం అయ్యాక కాసేపు అన్నాను మహానుభావా! రోజంతా నమిలితే దవడ కీలు ఏమైపోవాలి? కడుపులో ఉబ్బరంగా లేదూ?"

"ఉందండీ," అన్నాడు సిగ్గుపడుతూ.

"ఉండదూ మరి! గాలి మింగుతున్నారు. పైగా అందులో చక్కెరకు బదులు వేసే తీపి ఎక్కువైతే కడుపు ఊరుకోదు."

"నమిలితే కంగారు తగ్గుతుందంటారే?"

"కొందరికి కాస్త తగ్గుతుందేమో. మీకెందుకు కంగారు?"

అతను పుక్కిలించే వంకతో సింకు వైపు తిరిగాడు. ఎంతటి విలన్‌నైనా గొంతుతోనే గడగడలాడించే మనిషికి భయమేమిటో ఆమెకు అంతుపట్టలేదు. ఇంటికెళ్లినా అదే ఆలోచన.

గమ్ మానిపించింది, వేడి కాపడం పెట్టించింది, మెత్తని తిండి తినమంది. అతను వచ్చినప్పుడల్లా నొప్పి తగ్గుతోంది, ఆమెకు దిగులు పెరుగుతోంది. బాగైతే ఇక రాడు కదా! ఇంకో రెండుసార్లు రమ్మంటే కాదనడు. కానీ వైద్యంలో అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు.

"పూర్తిగా తగ్గిపోయింది. ఇక రానక్కర్లేదు," అంది ముక్తసరిగా.

అతను గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అదీ... అంటే... మరేమో..."

కౌంటర్ దగ్గర బిల్లులు చూసే డాక్టరు వాళ్ల అక్క ఫక్కున నవ్వింది. "గమ్ మానేసి నీళ్లు నమలడం మొదలుపెట్టావా నాయనా!"

డాక్టరుకూ నవ్వాగలేదు. "మీ భయం దేనికో చెప్పి వెళ్లండి."

"మీరంటేనే! ఎవరో రాసిచ్చిన డైలాగులైతే దంచేస్తాను. ఇది నా సొంతం. మీరంటే నాకు చాలా ఇష్టమండీ." అంత పెద్ద గొంతూ పీలగా వచ్చింది.

ఆమె కళ్లు చెమర్చాయి. "తగ్గిపోయిందని మీతో చెప్పడానికి పొద్దుట్నుంచీ నేను నమిలినవీ నీళ్లే!"