వెచ్చని చెప్పులు

మా వంశంలో నా అంత ధైర్యవంతుడు ఇంతవరకు పుట్టలేదు. బొద్దింకని ఉత్త చేత్తో పట్టుకుంటాను. చచ్చినదైతే. అదీ కాగితం అడ్డం పెట్టుకుని.

అక్క ఆ కాగితాన్ని కూడా ముట్టుకోదు. తలుపు గడియని చేతిరుమాలుతో తీసే మనిషి. అందుకే సబ్బుబిళ్ళ అని పేరు పెట్టాను. పదహారో పుట్టినరోజుకి ఏం కావాలో కోరుకోమని నాన్న అడిగితే, గొలుసు కాదు, ఫోన్ కాదు, "ఈ భూమ్మీద అన్నిటికంటే శుభ్రంగా ఉండే దేశం చూపించండి" అంది. అమ్మకి సెలవు దొరకలేదు. నాన్న, అక్క, నేను విమానాలు మారి, రైలెక్కి అక్కడికి చేరాం.

నిజంగానే శుభ్రం. వీధిలో రాలిన ఆకుల్ని కూడా ఎవరో సర్ది పెట్టినట్టుంది. మనుషులు గట్టిగా మాట్లాడరు. నవ్వితే తప్పేమో అన్నట్టు నవ్వుతారు. మధ్యాహ్నం తిన్నది అరిగేలోపే చీకటి పడిపోతుంది.

మేం దిగింది ఒక ముసలావిడ ఇంట్లో. కింద ఆవిడ, పైన మా గది. ఆవిడ మాట మాకు రాదు, మా మాట ఆవిడకి రాదు. గుమ్మంలోనే మా బూట్లు విప్పించి, గోడకున్న కొక్కేల నుంచి ఉన్ని చెప్పులు తీసిచ్చింది. వేళ్ళు కనపడకుండా ముందువైపు మూసేసి ఉండే రకం. అవి లేకుండా ఇంట్లో అడుగు వెయ్యకూడదని చేతులు ఊపి చెప్పింది.

నాన్నవి బాగున్నాయి. నావీ బాగున్నాయి. అక్క తనవాటిలో కాళ్ళు పెట్టి ఠక్కున తీసేసింది.

"ఒరే... ఇవి వెచ్చగా ఉన్నాయిరా."

"ఈ చలికి వెచ్చగా ఉంటే మంచిదేగా."

"తడిగా కూడా ఉన్నాయి. ఎవరో ఇప్పుడే విప్పినట్టు."

వాసన చూశాను. చూడకుండా ఉండాల్సింది. విరిగిన పాలలో రోజుల తరబడి నానిన మేజోడు వాసన. అక్క వేరేవి ఇమ్మని సైగ చేసింది. ముసలావిడ తల అడ్డంగా ఊపి, ఆ జతనే మళ్ళీ అక్క కాళ్ళ దగ్గర పెట్టింది. నవ్వలేదు. ఆ కళ్ళు మాత్రం బతిమాలుతున్నట్టున్నాయి.

చివరికి అక్క కాళ్ళకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, వాటి మీద ఆ చెప్పులు తొడుక్కుంది. నడిస్తే చర్ చర్. "పార్శిల్ వచ్చిందండోయ్!" అని నేను. రాత్రంతా వాటిని కిటికీ బయట మంచులో పెట్టింది. తెల్లారి తీస్తే... వెచ్చగానే ఉన్నాయి.

ఆ రోజే పుట్టినరోజు. సాయంత్రం నాన్న కేకు తెచ్చి, కొవ్వొత్తులు మర్చిపోయానంటూ మళ్ళీ బయటికెళ్ళారు. అక్క తిరిగి తిరిగి అలిసిపోయి, సంచులు విప్పేసి నిద్రపోయింది. చెప్పులు మంచం పక్కనే ఉన్నాయి. ఇలాంటి అవకాశం దేవుడు ఊరికే ఇవ్వడు కదా! చప్పుడు కాకుండా నా చెప్పులు విప్పేసి, కేకు మీది క్రీము వేలితో గీరి, ఎడమ చెప్పు లోపల పూద్దామని చెయ్యి దూర్చాను.

మెత్తగా తగిలింది. ఉన్ని అనుకున్నాను. ఇంకొంచెం దూర్చాను.

ఉన్ని కాదు. చర్మం. నానిపోయి ముడతలు పడ్డ చర్మం... దాని పక్కన ఇంకోటి... ఇంకోటి. చివర గోరు. గోరు కింద ఏదో జిగురుగా పేరుకుపోయి ఉంది.

కాలివేళ్ళు.

అవి కదిలాయి. నా వేలి మీది క్రీముని తడిమాయి... తర్వాత నా వేలిని పట్టుకున్నాయి.

చెయ్యి లాక్కుని కేక పెట్టాను. అక్క లేచి కూర్చుంది.

"దిగకు! చెప్పులో కాలుంది!"

"చెప్పులో కాలు కాక చెయ్యి ఉంటుందా?" నిద్రకళ్ళతోనే నా వేలి మీది క్రీము చూసింది. "ఓహో, ఇదా సంగతి! పుట్టినరోజున కూడా వదలవా కోతీ?"

"అమ్మతోడు అక్కా... ఇది ఆట కాదు."

"పోయిన వారం పరుపు కింద పాముందన్నప్పుడు కూడా అమ్మతోడేగా."

నిజమే. అమ్మతోడుని నేనే వాడి వాడి అరగదీశాను. అక్క కావాలనే నన్ను ఏడిపించడానికి, సంచులు లేకుండా, ఉత్త కాలు కిందికి దించింది. ఎడమ కాలు.

చెప్పు జరిగింది. దానంతటదే. అక్క కాలి వైపు. పైఅంచు మెల్లగా లేచింది... నోరు తెరిచినట్టు.

ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేవాణ్ణి కాదు. నా ఎడమ కాలు అందులో పెట్టేశాను.

వెచ్చగా. జారుడుగా. నా వేళ్ళ సందుల్లోకి ఆ వేళ్ళు ఒక్కొక్కటే దూరాయి. మధ్యలో క్రీము పిచపిచలాడింది. నొక్కాయి. వదిలాయి. మళ్ళీ నొక్కాయి...

"ఏమైందిరా?" గుసగుసలాడింది అక్క. నా మొహం చూసి ఈసారి నమ్మింది. కాళ్ళు పైకి లాక్కుంది. "తీసెయ్... తీసెయ్ రా..."

"వదలట్లేదే."

కింద వీధి తలుపు చప్పుడైంది. పట్టు సడలింది. కాలు బయటికి లాగి, స్నానాలగదికి పరిగెత్తాను. నాన్న వచ్చేసరికి నేలంతా నీళ్ళు. సీసా ఒలికిందని చెప్పాను.

ముసలావిడ గుడ్డ పట్టుకుని పైకొచ్చింది. తుడవబోతూ, ఎడమ చెప్పులో చెయ్యి పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. నా చెయ్యి పట్టుకుని నాతోనూ పెట్టించింది. పొడిగా ఉంది. చల్లగా ఉంది. లోపల అంటిన క్రీము కూడా లేదు. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. నా తల నిమిరి మొదటిసారి నవ్వింది. మర్నాడు వీధి మలుపుదాకా వచ్చి చెయ్యి ఊపింది.

ఇంటికొచ్చి నెలలైంది. నా ఎడమ కాలు ఆరట్లేదు. అమ్మ పౌడరు అద్దుతుంది, కాసేపటికే తడి. వేళ్ళ సందుల్లో విరిగిన పాల వాసన. డాక్టరు చెమట అన్నాడు. గడియ కూడా ముట్టుకోని సబ్బుబిళ్ళ, రోజూ తన సొంత తువ్వాలుతో నా కాలు తుడుస్తుంది.

తనకి కూడా చెప్పనిది ఒకటుంది. ముసలావిడ తుడిచేలోపు ఆ గదిలో నేను చూసిన తడి అడుగులు. మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా, నేను పరిగెత్తిన దారి వెంటే. కుడి పాదం, ఎడమ పాదం, ఎడమ పాదం. కుడి, ఎడమ, ఎడమ.

సరే, మొత్తం చెప్పేస్తాను. ఆ రోజు సీసా మూత ఎవరూ తియ్యలేదు. మా వంశంలోకెల్లా ధైర్యవంతుడు నిలబడ్డచోటే కానిచ్చేశాడు. ఆ మడుగు నాదే, ఒప్పుకుంటున్నాను. అందులో తొక్కుకుంటూ నా వెంట వచ్చిన ఆ రెండో ఎడమ పాదం మాత్రం నాది కాదు.