పద్నాలుగో జేబు

ఇరవై మూడు జవాబు పుస్తకాలు ఉండాలి. ఇరవై రెండే ఉన్నాయి.

సోమవారం సాయంత్రం 4.20. పెన్సిల్వేనియాలోని ఓ హైస్కూల్లో పరీక్షల ఇన్‌చార్జి డోరీన్ పాస్కో మూడోసారి లెక్కపెట్టింది. కనిపించనిది అడెల్ వుకొవిచ్ పుస్తకం.

5.00కి కౌంటీ డిటెక్టివ్ బెర్నడెట్ హ్రూస్కా వచ్చింది. బయట ఒకటే వాన. మూతపడ్డ ఉక్కు ఫ్యాక్టరీ మీద నల్లమబ్బు కదలకుండా కూర్చుంది.

"ఒక్క పుస్తకానికి పోలీసులా, డోరీన్?"

"మామూలు పుస్తకం కాదమ్మా! అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్. హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష. అడెల్‌కి స్కాట్లండ్ యూనివర్సిటీ సీటిచ్చింది. ఇందులో అయిదుకి అయిదు వస్తేనే. పుస్తకం లేకపోతే స్కోరు లేదు, స్కోరు లేకపోతే సీటు లేదు."

"చివరిసారి ఎప్పుడు లెక్కపెట్టారు?"

"12.05కి. పిల్లలు కుర్చీల్లోంచి లేవకముందే. ఇరవై మూడూ ఉన్నాయి. బీరువాలో పెట్టి తాళం వేశా."

"బీరువా ఎవరిది?"

డోరీన్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "ఒకప్పుడు మ్యాథ్స్ వాళ్లది. తాళం మార్చలేదు."

పోయిన చోటే వెతుక్కోవాలంటారు. బెర్నడెట్ మ్యాథ్స్ గదికి నడిచింది.

కాలిక్యులస్ టీచర్ లైల్ బ్రాండ్ట్ ఒక్కడే ఉన్నాడు. తన సబ్జెక్టు పరీక్ష రోజున ఆ హాలు గుమ్మం కూడా తొక్కకూడదు ఆయన. ప్రశ్నలు రెండు రోజుల తర్వాత గానీ బయటపెట్టరు. అంతవరకూ పిల్లలు వాటి గురించి నోరెత్తకూడదు.

"అడెల్ జవాబు పుస్తకం పోయింది. మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"ఇక్కడే. పేపర్లు దిద్దుతూ."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

"అడెల్ అంటే గిట్టనివాళ్లు ఎవరైనా?"

"ఆ పిల్లంటేనా? పదకొండేళ్లలో అలాంటి స్టూడెంట్ నాకు దొరకలేదు. పాపం, ఆ ట్యాంకు లెక్కలో మైనస్ పెట్టి చెడగొట్టుకుంది. స్కూలు పుస్తకం పోగొడితే మళ్లీ పరీక్ష పెడతారు కదా?"

బెర్నడెట్ తలెత్తలేదు. 5.25 అని రాసుకుంది. కింద ఒక్క మాట: మైనస్.

తర్వాత పరీక్ష హాలుకి వెళ్లింది. తలుపు పక్కన గోడకి గుడ్డసంచి వేలాడుతోంది. దానికి నంబర్లు వేసిన జేబులు. పరీక్షకి ముందు పిల్లలు ఫోన్లు పెట్టేది వాటిలోనే. అన్నీ ఖాళీ.

పద్నాలుగో జేబు మాత్రం వణుకుతోంది.

ఫోన్ తీసింది. అమ్మ. పన్నెండు మిస్డ్ కాల్స్. పద్నాలుగో నంబరు అడెల్‌ది.

6.10కి ఐస్‌క్రీమ్ షాపులో దొరికింది అడెల్. పుస్తకం సంగతి వినగానే చేతిలో గరిటె జారిపోయింది.

"హాల్లోంచి ఎక్కడికెళ్లావు?"

"తిన్నగా ఇక్కడికే మేడమ్. డ్యూటీకి లేటవుతుంటే పరిగెత్తాను. ఫోన్ కూడా మర్చిపోయాను."

"నువ్వేం రాశావో ఎవరికైనా చెప్పావా?"

"చెప్పకూడదు కదా! అమ్మకి కూడా చెప్పలేదు."

బుధవారం మధ్యాహ్నం ప్రశ్నలు అందరికీ విడుదలయ్యాయి. 2.00కి మ్యాథ్స్ గదిలో నలుగురు: బెర్నడెట్, డోరీన్, బ్రాండ్ట్, అడెల్. వాన ఇంకా వదల్లేదు.

"డోరీన్ దగ్గరా తాళంచెవి ఉంది, మీ దగ్గరా ఉంది," అంది బెర్నడెట్. "కానీ అడెల్ మైనస్ పెట్టిందని మీకెవరు చెప్పారు సార్?"

"పిల్లలెవరో..."

"ఎవరికీ తెలీదు. ఆ అమ్మాయి ఎవరికీ చెప్పలేదు. మెసేజ్ పెడదామన్నా ఫోన్ సాయంత్రం దాకా పరీక్ష హాలు గోడకే ఉంది. మైనస్ చూడాలంటే పుస్తకం తెరవాలి."

బ్రాండ్ట్ బ్యాగులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎలా రాసిందో చూద్దామని తెరిచాను. అంతే. ఆ మైనస్ చూసి గుండె ఆగింది. ఇది పోతే రెండు వారాల్లో ఇంకో పేపర్ రాస్తుంది కదా అనుకున్నాను. దాని మంచికే చేశాను!"

కంచే చేను మేసింది. అదీ ప్రేమతో. బెర్నడెట్‌కి అదే ఎక్కువ భయమనిపించింది.

అడెల్ లేచింది. మార్కర్ తీసుకుని బోర్డు మీద లెక్క వేయడం మొదలుపెట్టింది. ఆరు వరసలు. చివర మైనస్.

"ట్యాంకులోకి వచ్చే నీళ్లకంటే పోయేవి ఎక్కువ సార్. మట్టం తగ్గుతోంది. అందుకే మైనస్."

బ్రాండ్ట్ బోర్డు చూశాడు. మళ్లీ చూశాడు. బీరువా దగ్గర మూడు నిమిషాల కంగారులో తను చదవని వరస ఒకటి ఉంది, పుస్తకంలోనే అచ్చయిన ప్రశ్నలో. ఆ తర్వాత దాన్ని మళ్లీ తెరవనే లేదు.

"కరెక్టే," అన్నాడు.

"ఆ పుస్తకం ఇప్పుడు పంపొచ్చా మేడమ్?" అడిగింది అడెల్.

డోరీన్ తల అడ్డంగా ఊపింది. "స్కూల్లోంచి బయటికి పోయిన పుస్తకం ఎవరూ దిద్దరమ్మా. మళ్లీ రాయనిస్తారో లేదో పరీక్ష బోర్డువాళ్లు తేల్చాలి."

బెర్నడెట్ పుస్తకాన్ని సాక్ష్యాల కవర్లో పెట్టి సీల్ వేసింది.

"నన్ను క్షమించు తల్లీ," అన్నాడు బ్రాండ్ట్.

అడెల్ మార్కర్‌కి మూత పెట్టింది.

"రాయనిస్తే మళ్లీ రాస్తాను సార్. లెక్కలు నాకు వచ్చు. నాలుగేళ్లు నేర్పింది మీరే. మీరొక్కరే నమ్మలేదు."